అనంతగిరి వాలుపై చలన నియమములు

హైదరాబాదునకు పడమట సుమారు 75 కిలోమీటర్ల దూరమున, వికారాబాదు పట్టణమునకు చేరువలో, అనంతగిరి కొండలు ఉన్నవి. అనంతపద్మనాభస్వామి దర్శనమునకు వెళ్లు భక్తులకును, వానకాలమున పచ్చని అడవిని చూడవచ్చు నగరవాసులకును ఈ కొండలు పరిచితములే. మూసీనది పుట్టినది ఇచ్చటనే. సముద్రమట్టమునకు సుమారు 660 మీటర్ల ఎత్తున సన్నని ధారగా మొదలైన ఆ నీరు తూర్పుగా సాగి, హైదరాబాదు నగరమును దాటి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది.

నీరు పల్లమునకు పారునని పసిబిడ్డలకును తెలియును. కాని అది ఎందుకు పారును? ఎంత వేగముతో పారును? కదలుచున్న వస్తువు ఎందుకు ఆగును? ఈ ప్రశ్నలు వేయ మొదలిడినచో మనము భౌతికశాస్త్రపు వాకిట నిలిచినట్లే. ఆ శాస్త్రము పేరు వినగానే సూత్రములు, గుర్తులు, లెక్కలు జ్ఞప్తికి వచ్చి పలువురు వెనుకకు తగ్గుదురు. నిజమునకు దాని మూలనియమములు కొలదియే. అవి ప్రయోగశాలలో మాత్రమే చెల్లునవి కావు. అనంతగిరి దిగు బస్సునకును, వికారాబాదు జంక్షనులో కదలు రైలునకును, తాండూరు గనిలో పైకెత్తు బండకును అవే నియమములు వర్తించును. వానిలో చలనమునకు సంబంధించిన వానిని, ఆ పరిసరముల ఉదాహరణములతోనే, ఈ ప్రసంగమున వివరింపదలచితిమి. వీనిలో ఒకదానిని సరిగ గ్రహింపకపోవుట ప్రాణములకే ముప్పు తేగలదు. అందుచే దానిని కొంత విపులముగా చెప్పెదము.

మొదట కొన్ని మాటల అర్థము నిర్ణయించుకొందము. వాడుకలో వడి, వేగము అను రెండు మాటలకును భేదము లేదు. శాస్త్రమున కలదు. ఒక వాహనము సెకనునకు ఎంత దూరము పోవుచున్నదో చెప్పినచో అది వడి. ఎంత దూరము, ఏ దిక్కునకు అని రెండును చెప్పినచో అది వేగము. కొండదారి మలుపులో బస్సు గంటకు 30 కిలోమీటర్ల వడిని ఏమాత్రము మార్చకుండ తిరిగినను, దిక్కు మారినది కనుక దాని వేగము మారినట్లే. ఇట్లు వేగము మారు రేటునకు త్వరణమని పేరు. వడి పెరిగినను, తగ్గినను, దిక్కు మాత్రమే మారినను త్వరణము ఉన్నట్లే. ఈ మూడవ సంగతితో మలుపుల వద్ద మనకు పని కలుగును.

ఇక పతనమును చూతము. బరువైన వస్తువు త్వరగా పడుననియు, తేలికైనది మెల్లగా పడుననియు పూర్వులు పెక్కు శతాబ్దములు నమ్మిరి. ఇటలీ దేశస్థుడైన గెలీలియో, 1564 నుండి 1642 వరకు జీవించిన శాస్త్రజ్ఞుడు, ఈ నమ్మకమును పరీక్షకు పెట్టెను. నిటారుగా పడు వస్తువును గమనించుటకు ఆ కాలమున తగిన గడియారములు లేవు. అందుచే ఆయన పతనమునే నెమ్మది చేసెను. నున్నని గాడి తీసిన కొయ్యదూలమును కొంచెము వాల్చి, దానిపై కంచుగుండును దొర్లించి, సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలమును కొలిచెను. వాలు అనునది నెమ్మదియైన పతనమే యను ఆలోచన ఆయనది. మన కొండదారియు ఆ దూలము వంటిదే.

ఆయనకు తేలినది ఇది. కాలము రెండింతలైన గుండు దొర్లిన దూరము నాలుగింతలగును. కాలము మూడింతలైన దూరము తొమ్మిదింతలగును. ఒక సంఖ్యను దానితోనే హెచ్చించిన వచ్చు దానిని వర్గమందురు. కనుక దూరము కాలము యొక్క వర్గమును అనుసరించి పెరుగుచున్నదన్న మాట. గాలి అడ్డు లేనిచో, ఎత్తునుండి విడిచిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడును. రెండు సెకనులలో 19.6 మీటర్లు, మూడు సెకనులలో 44.1 మీటర్లు పడును. దాని వడి ప్రతి సెకనునకు 9.8 మీటర్ల చొప్పున పెరుగును. దీనిని గురుత్వ త్వరణమందురు. రాయి చిన్నదైనను పెద్దదైనను ఇది ఒక్కటే.

గెలీలియో మరియొక సంగతి యోచించెను. ఒక వాలు దిగిన గుండు ఎదుటి వాలుపై ఎక్కినచో ఇంచుమించు మొదటి ఎత్తునకే చేరును. ఎదుటి వాలును తగ్గించిన కొలది, ఆ ఎత్తును చేరుటకు గుండు మరింత దూరము పోవలసి యుండును. ఆ వాలును పూర్తిగా తీసివేసి సమతలము చేసినచో? గుండు ఎన్నడును ఆ ఎత్తునకు చేరలేదు. కనుక అడ్డుపడునది ఏదియు లేనిచో అది సాగుచునే యుండవలెను. ఈ ఆలోచననే ఇంగ్లండు దేశస్థుడైన న్యూటను 1687లో ప్రకటించిన తన గ్రంథమున మొదటి నియమముగా నిలిపెను. బయటి బలము పని చేయనంతవరకు, నిలిచియున్న వస్తువు నిలిచియే యుండును. కదలుచున్న వస్తువు అదే వడితో, అదే దిక్కున, తిన్నగా సాగుచునే యుండును. వస్తువునకు సహజమైన ఈ గుణమును జడత్వమందురు.

ఇది మన అనుభవమునకు విరుద్ధముగా తోచును. ఎడ్లు ఆగిన బండి ఆగును గదా! బండి ఆగుటకు కారణము ఎడ్లు లాగకపోవుట కాదు. ఇరుసు వద్దను, నేలవద్దను గల ఘర్షణ దానిని వెనుకకు పట్టుటయే. వికారాబాదునుండి తాండూరునకు సమమైన వడితో పోవుచున్న రైలును చూడుడు. ఇంజను లాగుచునే యున్నది, వడి మాత్రము పెరుగుట లేదు. ఏలయన ఇంజను లాగు బలమును, గాలి, పట్టాలు, ఇరుసులు కలిసి అడ్డగించు బలమును సరిసమానమైనవి. రెండును పోగా మిగులు బలము సున్న. కనుక వేగము మారదు. ఇంజను చేయుచున్న పని రైలును కదల్చుట కాదు, ఘర్షణకు పరిహారము చెల్లించుట.

రెండవ నియమము బలమునకు కొలత చెప్పును. ఒక వస్తువునందు గల పదార్థపు మొత్తమును ద్రవ్యరాశి యందురు. ద్రవ్యరాశిని త్వరణముతో హెచ్చించిన బలము వచ్చును. తాండూరు నాపరాళ్లు సున్నపురాతి జాతికి చెందినవి. ఘనమీటరునకు రెండున్నర టన్నులకు పైగా తూగును. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళము మందము గల పలక ద్రవ్యరాశి సుమారు 25 కిలోగ్రాములు. దానిని భూమి లాగు బలము, అనగా దాని బరువు, 25ను 9.8తో హెచ్చించిన 245 న్యూటనులు. చంద్రునిపై గురుత్వము భూమిపై గల దానిలో ఆరవ వంతు కనుక అక్కడ ఆ పలకను ఒక చేతితో ఎత్తవచ్చును. అయినను అది 25 కిలోగ్రాముల పలకయే. చంద్రునిపై కూడ దానిని వేగముగా తోయుటకు, తోసిన దానిని ఆపుటకు ఇక్కడ కావలసినంత బలమే కావలెను. ద్రవ్యరాశికిని బరువునకును గల భేదమిదియే.

మూడవ నియమమును చాలమంది వల్లించుదురు గాని తప్పుగా అన్వయించుదురు. ప్రతి చర్యకును సమానమైన, వ్యతిరేక దిశలో గల ప్రతిచర్య యుండును. ఇందు ముఖ్యమైన సంగతి ఏమనగా, చర్య ఒక వస్తువుపై, ప్రతిచర్య రెండవ వస్తువుపై పని చేయును. పలక నేలను క్రిందికి నొక్కును. నేల పలకను పైకి నొక్కును. ఈ రెండును ఒక జత. భూమి పలకను లాగును. పలకయు భూమిని అంత బలముతోనే లాగును. ఇది మరియొక జత. చర్య, ప్రతిచర్య రెండును ఒకే వస్తువుపై లేవు కనుకనే అవి ఒకదానినొకటి రద్దు చేసికొనవు.

మనము నడచుట, బండి నడచుట ఈ నియమము వలననే. చక్రము రోడ్డును వెనుకకు తోయును; రోడ్డు చక్రమును ముందుకు తోయును. బండిని నడుపునది ఇంజను అని మనమందుము గాని, బండిపై బయటినుండి పని చేసి దానిని ముందుకు నెట్టు బలము రోడ్డుదే. కంది పంటకు పేరొందిన తాండూరు నల్లరేగడి వానకు నానినప్పుడు ట్రాక్టరు చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును. ఇంజనులో లోపము లేదు. ఊతమిచ్చు నేలయే జారిపోయినది. ఘర్షణను మనము నష్టముగా భావింతుము గాని అది లేనిచో కదలుటయు లేదు, ఆగుటయు లేదు. సాన పట్టిన తాండూరు బండపై నీరు పడినప్పుడు కాలు జారిన వారికి ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు శక్తి మాటకు వత్తము. ఎత్తున నున్న వస్తువునకు ఆ ఎత్తు వలన కలుగు శక్తిని స్థితిజశక్తి యందురు. కదలుచున్న వస్తువునకు ఆ చలనము వలన కలుగు శక్తి గతిజశక్తి. శక్తి పుట్టదు, నశింపదు; ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారును. 100 మీటర్ల ఎత్తునుండి అడ్డు లేక పడిన నీరు గంటకు సుమారు 160 కిలోమీటర్ల వడిని పొందవలెను. మూసీ 660 మీటర్ల ఎత్తున పుట్టినను అట్లు దూకదు. మామూలు దినములలో మనిషి నడకతో పోల్చదగిన వడితోనే పారును. మిగిలిన శక్తి ఏమైనది? రాళ్లతోను, ఒడ్డుతోను, తనలో తానును రాపిడి చెంది వేడిమిగా మారినది. ఆ వేడిమి మన చేతికి తెలియదు. 427 మీటర్లు దిగిన నీరు, ఆ శక్తి అంతయు దానియందే నిలిచినను, ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ మాత్రమే వెచ్చనగును.

ఆ నదియే వరదలో ఎట్లు మారునో 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు చూచినది. వేల ప్రాణములు పోయినవి. అటు తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాల ననుసరించి నగరమునకు ఎగువన 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. ఘనమీటరు నీరు ఒక టన్ను తూగును. పారు నీరు ఎదురైన వస్తువును నెట్టు బలము దాని వడి యొక్క వర్గమును అనుసరించి పెరుగును. వాగు పొంగి కల్వర్టుపై పారునప్పుడు కారుతో దాటవచ్చునని సాహసించువారు రెండు నియమములను ఒక్కమారుగ ధిక్కరించుచున్నారు. నీరు ఒకవైపు కారును ప్రక్కకు నెట్టును. మరియొకవైపు దానిని పైకి లేపి, చక్రము రోడ్డును నొక్కు బలమును తగ్గించును. ఆ నొక్కుడు తగ్గిన ఘర్షణయు తగ్గును. నెట్టు బలము పెరుగుచుండగా పట్టి యుంచు బలము తగ్గిపోవుచున్నది. అందుచే నీరు లోతు లేనట్లు కనిపించినను కారు కొట్టుకొనిపోవును.

ఇక మేము విపులముగా చెప్పదలచినది ఇది. గతిజశక్తి ద్రవ్యరాశిలో సగమును వడి యొక్క వర్గముతో హెచ్చించిన వచ్చును. వడి రెండింతలైన శక్తి నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. బ్రేకు వేసినప్పుడు ఈ శక్తినంతయు ఘర్షణ పీల్చుకొనవలెను. మంచి టైర్లు గల వాహనము పొడిరోడ్డుపై గంటకు 30 కిలోమీటర్ల వడిలో బ్రేకు వేసినచో సుమారు 5 మీటర్లలో ఆగును. 60 కిలోమీటర్ల వడిలో 20 మీటర్లు, 90 కిలోమీటర్ల వడిలో 45 మీటర్లు కావలెను. తడిరోడ్డుపై ఈ దూరములు సుమారు 9, 35, 80 మీటర్లగును. అపాయమును చూచి కాలు బ్రేకుపై వేయుటకు ఒక సెకను పట్టుననుకొన్నచో, 60 కిలోమీటర్ల వడిలో ఆ సెకనులోనే మరి 17 మీటర్లు దాటిపోవును. అనగా వానలో మొత్తము 50 మీటర్లకు పైగా కావలెను. సీటులో కూర్చున్న వానికి 60 అనునది 30కి రెండింతలుగానే తోచును. రోడ్డు మాత్రము నాలుగింతలు లెక్కకట్టును.

మలుపులో కూడ ఈ వర్గమే. తిరుగునప్పుడు దిక్కు మారును, త్వరణము కలుగును, దానికి లోపలివైపు బలము కావలెను. ఆ బలమును ఇచ్చునది టైర్లకు రోడ్డుతో గల ఘర్షణయే. 30 మీటర్ల వ్యాసార్థము గల మట్టమైన మలుపులో పొడిరోడ్డు గంటకు సుమారు 50 కిలోమీటర్ల వరకు వాహనమును పట్టి యుంచగలదు. తడిరోడ్డు 40 కిలోమీటర్లకు చేరకముందే విడిచిపెట్టును. విడిచిన వాహనము మొదటి నియమము చెప్పిన చొప్పున తిన్నగా పోవును. ఆ తిన్నని దారిలో లోయ యుండవచ్చును. ఈ లెక్కలో ద్రవ్యరాశి రద్దగును కనుక, బండి బరువైనది కావున రోడ్డును గట్టిగా పట్టుకొనునను ధీమా సరికాదు. ఎత్తుగా సరుకు నింపిన లారీ అంతకంటె తక్కువ వడిలోనే బోర్లపడవచ్చును.

దిగుడు మరింత జాగ్రత్త కోరును. 20 టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు దిగినదనుకొందము. అది కోల్పోవు స్థితిజశక్తి సుమారు 65 లీటర్ల నీటిని మరగించుటకు చాలును. గంటకు 60 కిలోమీటర్ల వడినుండి ఆ లారీని పూర్తిగా ఆపుటకు తీసివేయవలసిన శక్తికి ఇది ఏడు రెట్లు. దీనినంతయు బ్రేకులమీదనే వేసినచో అవి కాగి పట్టు కోల్పోవును. అనుభవజ్ఞులైన డ్రైవర్లు “ఎక్కిన గేరులోనే దిగాలె” అని చెప్పు మాటలో ఈ శాస్త్రమే యున్నది. తక్కువ గేరులో ఇంజను ఎదురు తిరిగి, ఆ శక్తిలో కొంత భాగమును తాను స్వీకరించి, బ్రేకులకు ఊపిరి నిచ్చును.

చివరిది ద్రవ్యవేగము. ద్రవ్యరాశిని వేగముతో హెచ్చించిన వచ్చునది ఇదియే. గంటకు 40 కిలోమీటర్ల వడిలో పోవు 30 టన్నుల టిప్పరునకు గల ద్రవ్యవేగము ఒక టన్ను కారునకు కావలెనన్న, ఆ కారు గంటకు 1,200 కిలోమీటర్ల వడితో పోవలసి యుండును. కనుక పెద్ద వాహనము మెల్లగా వచ్చుచున్నదను మాట చిన్న వాహనమునకు భరోసా కాదు. ఇంకొక సంగతి. లారీలోని కంకర లారీకి అతికింపబడినది కాదు. లారీ ఆగినను, కట్టివేయని సరుకు జడత్వము వలన తన దారిన ముందుకు సాగును. 2025 నవంబరు 3వ తేదీ ఉదయము, చేవెళ్ల సమీపమున మీర్జాగూడ వద్ద, తాండూరునుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును కంకర నింపిన టిప్పరు ఢీకొనినది. కంకర బస్సులోని వారిపై కుప్పగా పడినది. సుమారు ఇరువది మంది మరణించిరి. ఆ ప్రమాదమునకు బాధ్యులెవరో నిర్ణయించుట మా పని కాదు. కాని వికారాబాదు, తాండూరు ప్రజలు నిత్యము ప్రయాణము చేయు దారిలో జడత్వము, ద్రవ్యవేగము అను మాటలు పరీక్షలో వ్రాయుటకు మాత్రమే కాదని చెప్పుటకు వేరు ఉదాహరణము అవసరము లేదు.

విద్యార్థులు ఇంటివద్ద చేయదగిన ప్రయోగము నొకటి సూచింతుము. మీటరు పొడవు గల నున్నని పలకను లేక నాపరాతిని తీసికొని, ఒక కొనను రెండు సెంటీమీటర్లు ఎత్తుడు. పైకొననుండి 20 సెంటీమీటర్ల వద్ద ఒక గీతయు, 80 సెంటీమీటర్ల వద్ద ఒక గీతయు గీయుడు. గాజు గోలీని తోయకుండ విడిచి, ఒక్కొక్క గీతను చేరుటకు పట్టు కాలమును చేతిఫోనులోని గడియారముతో కొలువుడు. మొదటి గీతకు ఒక సెకనున్నరకు పైగాను, రెండవ దానికి దానికి రెండింతలుగాను వచ్చును. దూరము నాలుగింతలు, కాలము రెండింతలు. పదిమార్లు చేసి సగటు చూచినచో లెక్క మరింత దగ్గర పడును. తరువాత పలకపై కొంచెము నీరు చల్లి, గోలీకి బదులు చిన్న చెక్కముక్కను పెట్టి, ఎంత ఎత్తు లేపిన అది జారునో పొడిపలకతో పోల్చి చూడుడు.

ఈ రెండు కొలతలను స్వయముగ తీసిన బాలునకు గాని బాలికకు గాని వర్గమనగా నేమో, ఘర్షణయనగా నేమో మరల బోధింపనక్కరలేదు. వానలో అనంతగిరి దిగు కారులో అట్టి పిల్లలు వెనుక సీటున కూర్చుండి, “నాన్నా, కొంచెం మెల్లగా పోనియ్యి” అన్నచో పెద్దలు వినుట మంచిది. వారు భయపడి చెప్పుట లేదు, లెక్క తెలిసి చెప్పుచున్నారు.